గడ్డ లేదంటున్నారు, మరి ఆపరేషన్ దేనికి?

"స్కాన్‌లో గడ్డ ఏమీ లేదన్నారు. చీము పట్టలేదు, రక్తం గడ్డకట్టలేదు. మరి తల తెరవాలంటున్నారేమిటి?" న్యూరోసర్జరీ వార్డుల బయట బంధువులు ఒకరినొకరు అడుక్కునే ప్రశ్న ఇది. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. అపెండిక్స్ వాచిందంటే తీసేస్తారు. పిత్తాశయంలో రాళ్లున్నాయంటే తీసేస్తారు. ఆపరేషన్ అంటే చెడిపోయిన భాగాన్ని కోసి బయటపడెయ్యడమని మనకు అలా స్థిరపడిపోయింది. తీయడానికి ఏమీ లేనిచోట కత్తికి పనేమిటి?

మెదడుకూ వెన్నుపాముకూ వచ్చే జబ్బుల్లో మనం పేరు విన్నవి కొన్నే: పక్షవాతం, మూర్ఛ, కణితి, తలకు దెబ్బ, డిస్కు జారడం. వీటికి అవతల చాలా అరుదైన జబ్బుల వరుస ఒకటుంది. మన ఊరి డాక్టరు తన సర్వీసు మొత్తంలో వాటిలో కొన్నింటిని ఒక్కసారి కూడా చూడకపోవచ్చు. అలాంటి జబ్బుల్లో సర్జన్ చేసే పని చాలాసార్లు తీసివేత కాదు. ఇరుకైన చోటును వెడల్పు చేస్తాడు. అంటుకున్న రెండింటిని విడదీస్తాడు. మూసుకుపోయిన రక్తనాళానికి బదులు మరో దారి వేస్తాడు. ఒక్కోసారి మెదడులో ఒక భాగానికి మిగతా భాగంతో ఉన్న సంబంధం తెంచుతాడు. ఈ నాలుగు పనులూ అర్థమైతే గడ్డ లేకుండా ఆపరేషన్ ఎందుకో తెలుస్తుంది. ఆ ఆపరేషన్ ఎప్పుడు జరగాలన్నది కూడా తెలుస్తుంది. నిజానికి రోగి భవిష్యత్తు ఎక్కువగా ఆధారపడేది ఈ రెండో విషయం మీదే.

ఎముక గూటిలో చోటు లెక్క

పెద్దవాళ్ల మెదడు సుమారు 1,300 నుంచి 1,400 గ్రాములు ఉంటుంది. ఒంటి బరువులో అది 2 శాతమే. ఒళ్లు వాడుకునే ఆక్సిజన్‌లో మాత్రం దాదాపు 20 శాతం దానికే కావాలి. నిల్వ చేసుకునే అలవాటు దానికి లేదు. కొద్ది నిమిషాలు రక్తం అందకపోతే నాడీకణాలు చనిపోవడం మొదలవుతుంది. చనిపోయిన కణాల స్థానంలో కొత్తవి పుట్టుకురావడమన్నది మెదడులోనూ వెన్నుపాములోనూ దాదాపుగా లేదు.

ఇంత మెత్తని అవయవం సాగని ఎముక గూటిలో ఉంటుంది. ఆ గూటిలో ఉండేవి మూడే: మెదడు, దానికి వచ్చిపోయే రక్తం, దాని చుట్టూ తిరిగే తేట నీరు. ఈ నీటిని పాఠ్యపుస్తకాలు మస్తిష్కమేరు ద్రవం అంటాయి, డాక్టర్లు సీఎస్‌ఎఫ్ అంటారు. మనం వెన్నునీరు అందాం. పెద్దవాళ్లలో ఏ సమయంలో చూసినా అది 150 మిల్లీలీటర్లకు అటూఇటూ ఉంటుంది. అయితే రోజుకు అర లీటరు దాకా కొత్త నీరు ఊరుతూ ఉంటుంది, పాతది రక్తంలో కలిసిపోతూ ఉంటుంది. అందుకే దాని దారికి ఎక్కడ అడ్డం పడినా కష్టమే.

ఈ మూడింట్లో ఒకటి పెరిగితే మిగతా రెండూ తగ్గి చోటివ్వాలి. ఇవ్వలేకపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఈ సంగతిని 1783లో ఎడిన్‌బరో వైద్యుడు అలెగ్జాండర్ మన్రో, 1824లో జార్జ్ కెల్లీ వివరించారు. స్కాన్లు వచ్చి వైద్యం ఎంత మారినా వాళ్లు చెప్పిన సూత్రం మారలేదు. వెన్నుపాము పరిస్థితీ ఇంతే. కపాలం అడుగున ఉన్న పెద్ద రంధ్రంలోంచి బయలుదేరి, వెన్నుపూసల మధ్య సన్నని మార్గం గుండా దిగి, నడుము మొదట్లో అది ముగిసిపోతుంది. ఆ మార్గం కూడా ఎముకదే, అదీ సాగదు.

చోటు చేయడం: కిందికి దిగిన చిన్నమెదడు

కొందరికి దగ్గినా, తుమ్మినా, ముక్కినా, బరువెత్తినా తల వెనకభాగంలో, మెడ పైన నొప్పి ఒక్కసారిగా పోటెత్తుతుంది. కాసేపటికి దానంతట అదే తగ్గుతుంది. ఏళ్ల తరబడి దాన్ని మైగ్రేన్ అనో, మెడ అరిగిందనో అనుకుంటూ మాత్రలు మింగుతారు. వాళ్లలో కొద్దిమందికి అసలు కారణం కపాలం అడుగున ఉంటుంది. అక్కడి రంధ్రంలోంచి వెన్నుపాము ఒక్కటే కిందికి దిగాలి. వీళ్లలో చిన్నమెదడు అడుగు కొసలు కూడా దిగి, ఆ రంధ్రంలో ఇరుక్కుని ఉంటాయి. ప్రాగ్‌లో పనిచేసిన హాన్స్ కియారీ అనే రోగనిర్ధారణ శాస్త్రవేత్త 1891లో దీన్ని వర్ణించాడు. అందుకే దీనికి కియారీ మాల్‌ఫార్మేషన్ అని పేరు. ఎంఆర్ఐలో ఆ కొసలు రంధ్రం అంచుకంటే 5 మిల్లీమీటర్లకు పైగా దిగి కనిపిస్తే డాక్టర్లు దీన్ని అనుమానిస్తారు.

దగ్గితే నొప్పి ఎందుకు? దగ్గినప్పుడు తలలో ఒత్తిడి పెరుగుతుంది. మామూలుగా అయితే కొంత వెన్నునీరు తలలోంచి వెన్నులోకి జారి ఆ ఒత్తిడిని తగ్గిస్తుంది. రంధ్రం నిండిపోయినవాళ్లలో నీటికి దారి దొరకదు. ఆ క్షణం ఒత్తిడి చిన్నమెదడు కొసల మీద, అక్కడి పొరల మీద పడుతుంది.

నొప్పి ఒక్కటే అయితే కొంత ఓర్చుకోవచ్చు. దీని వెనక మరో ప్రమాదం నడుస్తుంటుంది. దారి దొరకని నీటి ఒత్తిడి ప్రభావంతో కొందరిలో వెన్నుపాము మధ్యలో నీటి బొరియ ఏర్పడి నెమ్మదిగా పెద్దదవుతుంది. దీన్ని సిరింగోమైలియా అంటారు. వేడి, నొప్పి అనే కబుర్లు మోసే నాడీతంతువులు వెన్నుపాము నడిమధ్యలోనే ఇటునుంచి అటు దాటుతాయి. బొరియ ముందుగా దెబ్బతీసేది వాటినే. స్పర్శను మోసే తంతువులు వెనకవైపు నుంచి వెళ్తాయి కాబట్టి అవి నిలుస్తాయి. అందుకే ఈ జబ్బులో ఒక వింత లక్షణం కనిపిస్తుంది. చేతికి గుడ్డ తగిలితే తెలుస్తుంది, పెనం తగిలితే తెలియదు. బొబ్బలు లేచాక గానీ కాలిందని గమనించరు. చేతుల మీద కారణం తెలియని కాలిన మచ్చలుంటే చర్మవ్యాధి డాక్టరు కూడా వెన్నుపాము గురించి ఆలోచించేది ఇందుకే. జబ్బు ముదిరేకొద్దీ అరచేతి కండలు కరిగిపోతాయి, కాళ్లు బిగుసుకుపోతాయి.

ఇక్కడ సర్జన్ చిన్నమెదడును తీయడు, బొరియనూ చాలాసార్లు ముట్టుకోడు. రోగిని బోర్లా పడుకోబెట్టి, తల వెనక అడుగుభాగంలో సుమారు 3 సెంటీమీటర్ల వెడల్పున ఎముక తీసి రంధ్రాన్ని విశాలం చేస్తాడు. మెడలో మొదటి వెన్నుపూస వెనకవంపును కూడా తొలగిస్తాడు. చాలామందిలో మెదడును చుట్టి ఉన్న గట్టిపొరను కూడా తెరిచి, రోగి శరీరంలోంచే తీసిన పొరముక్కను అతుకుగా వేసి కుడతాడు. దాంతో లోపల జాగా పెరిగి వెన్నునీటికి దారి దొరుకుతుంది. ఆ తర్వాత నెలల మీద బొరియ దానంతట అదే కుంచించుకుపోతుండటం ఎంఆర్ఐలలో కనిపిస్తుంది. కారణం పైన ఉంటే కింద ఉన్న బొరియను చిల్లుపెట్టడం కంటే కారణాన్ని తీసెయ్యడమే మేలని దశాబ్దాల అనుభవం నేర్పింది.

స్కాన్‌లో చిన్నమెదడు కొస దిగినట్టు కనిపించిన ప్రతివాళ్లకూ ఆపరేషన్ అక్కర్లేదు. వేరే పనికి తీసిన ఎంఆర్ఐలో ఇది యాదృచ్ఛికంగా బయటపడి, ఏ బాధా లేకుండా జీవితమంతా గడిపేవాళ్లున్నారు. బాధలు, బొరియ, నరాల బలహీనత కలిసినప్పుడే కత్తి మాట వస్తుంది.

నీళ్లు గట్టిపరిచిన వెన్ను

వెన్నుపాముకు చోటు లేకుండా చేసే జబ్బుల్లో ఒకటి మన తెలుగు నేలకు బాగా తెలుసు. ప్రపంచంలో ఎక్కువ దేశాల న్యూరోసర్జన్లు దాన్ని పుస్తకంలో తప్ప చూడరు. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు పరిశోధకులు నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ గురించి ఇండియన్ మెడికల్ గెజెట్‌లో రాశారు. మనుషుల్లో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు చెడడం మీద మన దేశంలో వచ్చిన తొలి వైద్య నివేదికల్లో అదొకటి. అప్పట్లో ఆ జిల్లాలో ఉన్న దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాలోకి వచ్చాయి. ఇటు నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు వైపు ఊళ్ల బాధ తెలంగాణ అంతటికీ తెలిసిందే.

తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఏళ్ల తరబడి అంతకు ఎన్నో రెట్లు ఉన్న బోరు నీళ్లు తాగినవాళ్లలో మొదట పళ్ల మీద మచ్చలు వస్తాయి, తర్వాత ఎముకలు మందమవుతాయి. వెన్నుపూసలను కలిపే పట్టీలు సైతం ఎముకలా గట్టిపడతాయి. వెన్నెముక వంగదు, మెడ తిరగదు. అన్నివైపుల నుంచీ ఎముక లోపలికి పెరగడంతో వెన్నుపాము ఉన్న మార్గం ఇరుకవుతుంది. కొద్దిమందిలో వెన్నుపాము నలిగి కాళ్లు బిగుసుకుపోతాయి, నడక తడబడుతుంది, మూత్రం పట్టు తప్పుతుంది, చివరికి మంచం పడతారు. హైదరాబాదులో న్యూరోసర్జన్‌గా పనిచేసిన డాక్టర్ డి. రాజారెడ్డి ఈ జబ్బు నాడీవ్యవస్థకు చేసే నష్టాన్ని ఏళ్ల తరబడి అధ్యయనం చేసి అంతర్జాతీయ వైద్య గ్రంథాల్లో రాశారు.

ఇక్కడ చేసేది వెన్నుపూసల వెనక కప్పును తీసి వెన్నుపాముకు జాగా ఇవ్వడం. దాన్ని లామినెక్టమీ అంటారు. వినడానికి మామూలు ఆపరేషనే. చేతిలోకి తీసుకుంటే మాత్రం కష్టమైనది. ఎముక అతిగా గట్టిపడి, మందమై ఉంటుంది. దానికీ వెన్నుపాముకూ మధ్య ఖాళీ ఉండదు. మామూలు ఎముకల్లో పనికొచ్చే పరికరాన్ని కిందికి దూర్చితే ఆ కాస్త ఒత్తిడికే వెన్నుపాము దెబ్బతినవచ్చు. అందుకని వేగంగా తిరిగే సన్నని డ్రిల్లుతో, నీళ్లు పోస్తూ, ఎముకను పొరపొరగా అరగదీస్తారు. ఎంత నేర్పుగా చేసినా కొందరికే నడక మెరుగవుతుంది. ఏళ్లపాటు నలిగిన నాడీతంతువుల్లో కొన్ని అప్పటికే చనిపోయి ఉంటాయి. నీళ్లు మారకపోతే ఎముక పెరగడమూ ఆగదు. ఫ్లోరోసిస్‌కు అసలైన చికిత్స ఆపరేషన్ థియేటర్‌లో లేదు. నది నీళ్లు ఊరి కుళాయికి చేరడంలోనే ఉంది. ఈ మాట న్యూరోసర్జన్లే ముందు చెబుతారు.

విడదీయడం: ముఖం మీద మెరుపు నొప్పి

ముఖంలో ఒకవైపు, దవడలోనో చెంపలోనో, కరెంటు షాక్ కొట్టినట్టు నొప్పి మెరుస్తుంది. కొన్ని సెకన్లే ఉంటుంది. మళ్లీ వస్తుంది. పళ్లు తోముకుంటే, అన్నం నమిలితే, మాట్లాడితే, మొహం కడుక్కుంటే, ఫ్యాను గాలి చెంపకు తగిలినా వస్తుంది. మనిషి తిండి మానేస్తాడు, మాట తగ్గిస్తాడు. పంటినొప్పే అనుకుని ఒకదాని తర్వాత ఒకటి పళ్లు పీకించుకున్నవాళ్లు చాలామంది. పళ్లు పోతాయి, నొప్పి పోదు.

ముఖం మీది స్పర్శను మెదడుకు చేరవేసే నాడి మూడు పాయలుగా చీలి ఉంటుంది. దాన్ని త్రిధార నాడి అంటారు, దాని నొప్పి ట్రైజెమినల్ న్యూరాల్జియా. మెదడు కాండం నుంచి ఆ నాడి బయటికొచ్చే చోట ఒక ధమని దానికి ఆనుకుని ఉంటే, గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఆ ధమని నాడిని తడుతూ ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ నాడీతంతువుల మీది రక్షణ పొర ఆ చోట అరిగిపోతుంది. పొర లేని తంతువుల మధ్య సంకేతాలు కలగలిసిపోతాయి. మెత్తని స్పర్శ తీవ్రమైన నొప్పిగా మారేది అక్కడే.

బాల్టిమోర్‌లో వాల్టర్ డాండీ 1930లలోనే ఆపరేషన్లు చేస్తూ ఈ నాడి మీద ధమని ఆనుకుని ఉండటం గమనించాడు. నమ్మినవాళ్లు తక్కువ. కంటికి అంత లోతున అంత సన్నని సంగతి సరిగా కనిపించేది కాదు. 1960లలో ఆపరేటింగ్ మైక్రోస్కోప్ వచ్చాక అమెరికాలో పీటర్ జానెటా దాన్ని మళ్లీ చూసి, చూసినదాన్ని చికిత్సగా మలిచాడు. చెవి వెనక ఎముకలో రెండు మూడు సెంటీమీటర్ల కిటికీ తెరిచి, చిన్నమెదడును సున్నితంగా పక్కకు జరిపి, ధమనిని నాడి మీదనుంచి తప్పించి, రెండింటి మధ్య చిన్న టెఫ్లాన్ మెత్త పెడతారు. నాడిని కోయరు, ధమనిని కోయరు. 1996లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం ఇలా ఆపరేషన్ చేయించుకున్న 1,185 మందిని పరిశీలించింది. పదేళ్ల తర్వాత కూడా 70 శాతం మంది మందులు లేకుండా నొప్పి లేకుండా ఉన్నారు. కొద్దిమందికి ఆ వైపు చెవి వినికిడి తగ్గే ప్రమాదం ఉంది కాబట్టి ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ వినికిడి నాడి సంకేతాలను యంత్రంతో గమనిస్తూ ఉంటారు. ముందుగా వాడేది కార్బమజెపైన్ మాత్రలే. చాలామందికి మొదట్లో అవి బాగా పనిచేస్తాయి. మాత్రలకు లొంగనివాళ్లకు, మాత్రల మత్తు భరించలేనివాళ్లకు ఈ ఆపరేషన్ ఉంది.

వెన్ను కింది కొసలోనూ విడదీయాల్సిన జబ్బు ఒకటి ఉంది. కొందరు పిల్లల్లో పుట్టుకతోనే వెన్నుపాము కొస మందమైన తంతువుతోనో కొవ్వుతోనో కిందికి కట్టేసినట్టు ఉంటుంది. దీన్ని టెథర్డ్ కార్డ్ అంటారు. పిల్ల పొడుగు పెరిగేకొద్దీ వెన్నుపాము సాగి నలుగుతుంది. నడుము కింద నడిమధ్యలో జుట్టు కుచ్చు, కొవ్వు ఉబ్బు, లోతైన గుంట ఉంటే దాన్ని దిష్టి చుక్కలాగా వదిలెయ్యకూడదు. పక్క తడపడం మానేసిన పిల్ల మళ్లీ మొదలుపెట్టినా, పాదం వంకర తిరుగుతున్నా ఒక్క ఎంఆర్ఐ చేయించాలి. మైక్రోస్కోప్ కింద నరాలను ఒక్కొక్కటీ పరీక్షించుకుంటూ ఆ కట్టును మాత్రం తెంచి వెన్నుపామును వదులు చేస్తారు.

కొత్త దారి వేయడం: ఏడిస్తే పడిపోయే చెయ్యి

పసిపిల్ల గుక్కపెట్టి ఏడుస్తుంది. కాసేపటికి ఒక చెయ్యి వేలాడిపోతుంది, మాట తడబడుతుంది. పావుగంటలో మామూలవుతుంది. మరోరోజు వేడి అన్నం ఊదుకుని తింటుంటే మళ్లీ అదే. బెలూన్ ఊదినా అంతే. ఇంట్లోవాళ్లు మారాం అనుకుంటారు, గాలి సోకిందనుకుంటారు.

దీని పేరు మోయామోయా. తూర్పు ఆసియాలో, ముఖ్యంగా జపాన్, కొరియా, చైనాల్లో ఎక్కువ. మన దేశంలో అరుదు, అయినా ఉంది. 1957లో జపాన్ వైద్యులు తాకెయుచి, షిమిజు దీన్ని మొదట నమోదు చేశారు. 1969లో సుజుకి, తకాకు దీనికి ఈ పేరు పెట్టారు. మెదడుకు రక్తం తెచ్చే పెద్ద ధమనులు కపాలం అడుగుకు చేరి కొమ్మలుగా చీలే చోట క్రమంగా సన్నబడి మూసుకుపోతాయి. మెదడు అడుగున ఉన్న అతిసన్నని నాళాలు ఆ లోటు తీర్చడానికి ఉబ్బి గుబురుగా అల్లుకుంటాయి. రంగుద్రవం ఎక్కించి తీసిన ఎక్స్‌రేలో ఆ గుబురు పొగలా కనిపిస్తుంది.

కాలువ కింది సాగు చేసే రైతుకు ఇది వెంటనే అర్థమవుతుంది. పెద్ద కాలువ పూడుకుపోయింది. మడులు ఎండుతుంటే రైతులు తలా ఒక సన్న బోదె తవ్వి ఊటనీళ్లు మళ్లించుకున్నారు. మామూలు రోజుల్లో అవి ఎలాగో సరిపోతాయి. ఎండ ముదిరితే చివరి మడి బీటలు వారుతుంది. ఒక్కసారి వరద తోస్తే సన్న బోదెల గట్లు తెగుతాయి. మోయామోయాలోనూ ఈ రెండు ప్రమాదాలున్నాయి. పిల్లల్లో ఎక్కువగా రక్తం చాలక పక్షవాతం వస్తుంది. పెద్దవాళ్లలో ఆ బలహీనమైన సన్న నాళాలు పగిలి మెదడులో రక్తస్రావం కూడా అవుతుంది.

ఏడవడానికీ చెయ్యి పడిపోవడానికీ సంబంధమేమిటి? ఏడ్చినా, గట్టిగా ఊదినా ఊపిరి వేగం పెరిగి రక్తంలో కార్బన్ డై ఆక్సైడ్ తగ్గుతుంది. అది తగ్గితే మెదడు రక్తనాళాలు ముడుచుకుంటాయి. ఆరోగ్యవంతుల్లో ఆ తగ్గుదల తెలియదు. అంచు మీద నడుస్తున్న ఈ పిల్లల మెదడుకు ఆ కాస్తా తట్టుకోలేనిదవుతుంది.

మూసుకుపోయిన ధమనిని తెరవడం ఈ జబ్బులో పనికిరాదు, మళ్లీ మూసుకుంటుంది. అందుకని సర్జన్ పక్క ఆయకట్టు నుంచి నీళ్లు తెస్తాడు. చెవి ముందు వేలు పెడితే నాడి కొట్టుకుంటున్నట్టు తెలుస్తుంది కదా, అది నెత్తి చర్మానికి రక్తం ఇచ్చే ధమని. దాన్ని జాగ్రత్తగా విడదీసి, కపాలంలో కిటికీ తెరిచి, మెదడు ఉపరితలం మీది ధమనికి కుడతారు. ఆ ధమని వెడల్పు ఒక మిల్లీమీటరుకు అటూఇటూ. కుట్టే దారం తలవెంట్రుక కన్నా సన్నం. ఈ పద్ధతిని 1967లో జూరిక్‌లో గాజీ యాసర్‌గిల్ మనుషుల్లో మొదలుపెట్టాడు. అంతకుముందు అమెరికాలోని వెర్మాంట్‌లో డోనగీ అనే సర్జన్ ప్రయోగశాలలో మైక్రోస్కోప్ కింద సన్న నాళాలు కుట్టడం నేర్చుకున్నాడు.

చిన్నపిల్లల్లో ధమని మరీ సన్నంగా ఉంటే కుట్టడానికి వీలుపడదు. అప్పుడు ఆ ధమనిని కొంత కణజాలంతో సహా మెదడు మీద పరిచి కపాలం మూసేస్తారు. రక్తం కోసం అలమటిస్తున్న మెదడు తనే కొత్త నాళాలను దానిలోంచి లాక్కుంటుంది. మూడు నాలుగు నెలల్లో ఆ దారి బలపడుతుంది. పెద్దవాళ్లలో రక్తస్రావమైన 80 మంది మీద జపాన్‌లో జరిగిన పరిశీలన ఫలితాలు 2014లో వచ్చాయి. ఆపరేషన్ చేసినవాళ్లలో 11.9 శాతం మందికి, చేయనివాళ్లలో 31.6 శాతం మందికి మళ్లీ రక్తస్రావమైంది. పరిశీలించింది చిన్న సమూహాన్నే, అయినా ఇంత అరుదైన జబ్బులో అది విలువైన సాక్ష్యం.

ఈ ఆపరేషన్‌లో మత్తు డాక్టరు పాత్ర సర్జన్ పాత్రకు తక్కువేమీ కాదు. రక్తపోటు తగ్గకూడదు, ఒంట్లో నీరు తగ్గకూడదు, ఊపిరి వేగం పెరగకూడదు. ఆపరేషన్‌కు ముందూ తర్వాతా పిల్ల ఏడవకుండా చూసుకోవడం ఇక్కడ చికిత్సలో భాగం. తల్లిని పక్కనే ఉండనివ్వడం కూడా.

సంబంధం తెంచడం: సగం మెదడుతో నడిచే పిల్లలు

నాలుగో పని వినగానే గుండె జారుతుంది. మాంట్రియల్‌లో థియోడోర్ రాస్‌ముసెన్, ఆయన సహచరులు 1958లో ముగ్గురు పిల్లల్లో చూసిన ఒక జబ్బు గురించి రాశారు. ఆరోగ్యంగా తిరుగుతున్న పిల్లకు ఒకరోజు ఒక చెయ్యి కొట్టుకోవడం మొదలవుతుంది. మందులు పనిచేయవు. మూర్ఛలు రోజుకు పదులసార్లు వస్తాయి. కొందరిలో వేళ్లో పెదవి మూలో నిద్రలో కూడా ఆగకుండా అదురుతూనే ఉంటుంది. నెలల్లో ఆ వైపు చెయ్యి, కాలు బలం కోల్పోతాయి, చదువు వెనక్కి పోతుంది. స్కాన్‌లో మెదడు ఒకవైపు అర్ధగోళం మాత్రమే కుంచించుకుపోతూ కనిపిస్తుంది. రోగనిరోధక వ్యవస్థ తన మెదడు మీదే చేస్తున్న దాడి ఇదని ఇప్పుడు శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. రోగనిరోధక శక్తిని అణిచే మందులు జబ్బు వేగాన్ని కొంత తగ్గిస్తాయి, మూర్ఛలను ఆపలేకపోతున్నాయి.

చెడిన అర్ధగోళం తన పని చేయకపోగా, తుఫానులాంటి సంకేతాలను ఆరోగ్యంగా ఉన్న రెండో అర్ధగోళంలోకి పంపుతూ దాన్నీ ఎదగనివ్వదు. కాబట్టి ఆ రెండింటి మధ్య సంబంధం తెంచాలి. పూర్వం అర్ధగోళాన్ని మొత్తంగా తీసేసేవారు. 1950లో దక్షిణాఫ్రికాలో క్రైనో అనే సర్జన్ మూర్ఛలున్న పిల్లల్లో అలా చేసి ఫలితాలు ప్రకటించాడు. మూర్ఛలు తగ్గాయి. కానీ ఏళ్ల తర్వాత ఆ ఖాళీలో కొద్దికొద్దిగా రక్తం ఊరి కొందరు ప్రాణాలు కోల్పోయారు. ఆ అనుభవం నుంచి రాస్‌ముసెనే 1970లలో పద్ధతి మార్చాడు. ఇప్పుడు అర్ధగోళంలో ఎక్కువ భాగాన్ని దాని రక్తనాళాలతో సహా ఉన్నచోటే ఉంచేస్తారు. లోపల దాన్ని మిగతా మెదడుతో కలిపే తంతువులను మాత్రం తెంచుతారు. దీన్ని హెమిస్ఫెరోటమీ అంటారు.

తల్లిదండ్రులకు డాక్టర్లు ముందే చెప్పాల్సిన నిజాలున్నాయి, చెబుతారు కూడా. ఎదుటివైపు చేతి వేళ్ల నేర్పు పోతుంది. రెండు కళ్లలోనూ ఒకవైపు సగం చూపు పోతుంది. అయితే జబ్బు ఇవన్నీ ఎలాగూ తీసుకుపోయేదే. ఆపరేషన్ తర్వాత ఎక్కువ మంది పిల్లలకు మూర్ఛలు ఆగిపోతాయి. ఫిజియోథెరపీతో చాలామంది నడుస్తారు, బడికి వెళ్తారు. చిన్నవయసులో అయితే మాట్లాడే పనిని కూడా మిగిలిన అర్ధగోళం నేర్చుకోగలదు. వయసు పెరిగేకొద్దీ ఆ శక్తి తగ్గుతుంది. జబ్బు చేయి పూర్తిగా చంపేదాకా ఆగాలా, ముందే చేయాలా అన్నది న్యూరాలజిస్టులు, సర్జన్లు, కుటుంబం కలిసి కూర్చుని తేల్చుకోవాల్సిన కఠినమైన నిర్ణయం.

మన దేశంలో న్యూరోసర్జరీకి పునాది వేసింది డాక్టర్ జేకబ్ చాండీ. మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ దగ్గర శిక్షణ పొంది, 1949లో వెల్లూరు సీఎంసీలో దేశంలోనే మొదటి న్యూరోసర్జరీ విభాగాన్ని ప్రారంభించారు. మూర్ఛకు శస్త్రచికిత్స 1952లోనే అక్కడ మొదలైంది. ఈరోజు తిరువనంతపురంలోని శ్రీచిత్ర, బెంగళూరులోని నిమ్హాన్స్ వంటి ప్రభుత్వ సంస్థల్లో మూర్ఛ శస్త్రచికిత్సకు ప్రత్యేక బృందాలే ఉన్నాయి.

ఎప్పుడు చేశారన్నదే ముఖ్యం

ఈ జబ్బులన్నిటిలో ఒక సంగతి సమానంగా ఉంది. ఆపరేషన్ ముందున్న నష్టాన్ని ఆపుతుంది, జరిగిపోయిన నష్టాన్ని కొంతే వెనక్కి తెస్తుంది. కియారీలో వేళ్ల కండలు కరగకముందు, ఫ్లోరోసిస్‌లో మనిషి మంచం పట్టకముందు, మోయామోయాలో మొదటి పక్షవాతం రాకముందు సర్జన్‌ను చేరినవాళ్లకు దక్కేది ఎక్కువ. త్రిధార నాడి నొప్పిలో కూడా సరైన డాక్టరును ముందే చేరితే పళ్లైనా మిగులుతాయి.

కాబట్టి గుర్తుపట్టే పని థియేటర్‌కు చాలా ముందే, ఇంట్లోనూ ఊరి క్లినిక్‌లోనూ మొదలవ్వాలి. దగ్గితే తల వెనక పోటు, వేడి తెలియని చెయ్యి, గాలి తగిలితే మెరిసే చెంప, ఏడిస్తే వాలిపోయే చెయ్యి, ఆగని ఒకవైపు మూర్ఛ, పిల్ల నడుము మీద జుట్టు కుచ్చు: ఇవి నాడీవైద్యుడికి చూపించి తీరాల్సిన సూచనలు. "కాసేపటికి తగ్గిపోయింది కదా" అన్న మాట వీటి విషయంలో ధైర్యం ఇవ్వకూడదు. వచ్చిపోయే లక్షణం ముందస్తు హెచ్చరిక.

ఆపరేషన్ దాకా వస్తే సర్జన్‌ను సంకోచం లేకుండా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇది ఏ బాధను తగ్గిస్తుంది, ఏ నష్టాన్ని ఆపుతుంది, దేన్ని తిరిగి తేలేదు? ఆరు నెలలు ఆగితే ఏమవుతుంది? ఈ ఆపరేషన్ మీరు, మీ బృందం తరచుగా చేస్తారా, లేక ఎక్కువగా చేసే మరో కేంద్రం ఉందా? అరుదైన జబ్బులో అనుభవం కొన్ని ఆసుపత్రుల్లోనే పోగుపడుతుంది కాబట్టి ఈ చివరి ప్రశ్న తప్పు కాదు, మంచి సర్జన్ దానికి నొచ్చుకోడు. ఆసుపత్రిలో చేరేముందు ప్రభుత్వ ఆరోగ్య పథకంలో ఆ ఆపరేషన్ ఉందో లేదో కూడా కనుక్కోవాలి. ఖర్చుకు భయపడి వాయిదా వేసిన ఆరు నెలల్లో పోయిన నాడీకణాలను తర్వాత ఎంత డబ్బు పోసినా ఎవరూ తెచ్చివ్వలేరు.